భారతదేశమున మల్టిపుల్ స్క్లెరోసిస్: వ్యాప్తియు, రోగలక్షణములును

మెదడు, వెన్నుపాము, దృష్టినాడులు అను మూటితో గూడిన కేంద్ర నాడీమండలమునందు, నాడీతంతువులను చుట్టియుండు మైలిన్ అను కొవ్వుపొర, శరీరమును కాపాడవలసిన రోగనిరోధక కణముల దాడికే గురియై, అచ్చటచ్చట మచ్చలుగా నశించి, ఆ తావులయందు గట్టిపడిన కణజాలము నిలిచిపోవుటచే గలుగు దీర్ఘవ్యాధి మల్టిపుల్ స్క్లెరోసిస్. తొడుగు చిరిగిన తీగలో విద్యుత్ప్రవాహము చెదరునట్లు, పొర నశించిన తంతువులలో నాడీసంకేతములు మందగించును, లేదా నడుమనే నిలిచిపోవును. పొర కొంతవరకు మరల ఏర్పడినచో లక్షణములు తగ్గుముఖము పట్టును. తంతువే తెగిపోయినచో ఆ నష్టము తీరనిది. 1868 లో పారిస్ నగరమందలి సాల్పెత్రియేర్ ఆసుపత్రియందు షార్కో పండితుడు రోగి జీవించియున్నపుడు కనబడిన లక్షణములను మరణానంతరము మెదడులో కనబడిన మచ్చలతో జతపరచి, దీనిని ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టెను. అప్పటినుండి ఐరోపా వైద్యగ్రంథములలో సవిస్తరముగ వర్ణింపబడుచు వచ్చిన ఈ వ్యాధి భారతదేశమున మిక్కిలి అరుదనియే వైద్యలోకము చిరకాలము విశ్వసించెను. ఆ విశ్వాసములో కొంత నిజమున్నది. అధికభాగము మాత్రము వెదకనివానికి దొరకకపోవుటచే గలిగినది.

ఈ వ్యాధి భూగోళముపై సమముగ పరచుకొని యుండలేదు. భూమధ్యరేఖనుండి దూరమగుకొలది దీని వ్యాప్తి హెచ్చుచుండుట చాలకాలము క్రిందటనే గమనింపబడినది. అమెరికా దేశీయుడగు జాన్ కర్ట్‌స్కీ లోకమును మూడు మండలములుగ విభజించి, లక్ష జనాభాకు ముప్పదిమందియు అంతకు మించియు రోగులున్న ప్రదేశములను అధిక వ్యాప్తి మండలమనియు, అయిదుమొదలు ఇరువదితొమ్మిదివరకు ఉన్నవానిని మధ్యమమనియు, అయిదుకు లోబడినవానిని అల్పమనియు నిర్ణయించెను. స్కాట్లాండునకు ఉత్తరముననున్న ఆర్క్నీ దీవులలో, 2012 లో ప్రచురితమైన గణనము ననుసరించి, లక్షకు 402 మంది ఈ వ్యాధిగ్రస్తులు; అంతటి వ్యాప్తి మరియొకచోట నమోదైన జాడలేదని ఆ గణకులే వ్రాసిరి. 2020 నాటి అంతర్జాతీయ గణనము లోకమంతట సుమారు 28 లక్షలమంది రోగులున్నారనియు, సగటున లక్షకు 36 మందియనియు తేల్చినది. కర్ట్‌స్కీ పటములో భారతదేశము అల్పమండలముననే చేర్చబడెను.

అట్లు చేర్చుటకు ఆధారములు ఆసుపత్రి లెక్కలు. బొంబాయి ప్రాంతపు రోగుల స్వరూపమును బి. ఎస్. సింఘాల్, ఎన్. హెచ్. వాడియా అను నాడీవైద్యులు 1975 లో వర్ణించిరి. ఆ తరువాతి దశాబ్దమున సింఘాల్ దేశమునందలి వ్యాప్తి లక్షకు సుమారు 1.33 అని అంచనా కట్టెను. ఈ శ్రేణికి చెందిన అంచనాలలో కొన్ని అంతకంటెను చిన్నవి. నగరమందలి పెద్ద ఆసుపత్రికి వచ్చినవారిని లెక్కించి, ఆ ఆసుపత్రి ఎంతమంది జనులకు దిక్కో తెలియకయే ఆ సంఖ్యను జనాభాతో భాగించినపుడు వచ్చు ఫలితము వ్యాధి యొక్క వ్యాప్తిని ఎంత చెప్పునో, వైద్యసౌకర్యముల వ్యాప్తిని కూడ అంతయే చెప్పును. ఒక కన్ను మసకబారి నెలరోజులలో తేరుకొనిన యువతి కంటివైద్యుని చూచి ఇంటికి పోవును. రెండేండ్ల పిమ్మట కాళ్లు తిమ్మిరెక్కి తూలిపడినపుడు, 'నరముల బలహీనత' అను మాట క్రింద ఆమెకు బి-విటమిన్ సూదిమందులు పడును. ఈ రెండింటిని ఒకే వ్యాధికి సంబంధించిన రెండు ఘట్టములుగ గుర్తింపగల న్యూరాలజిస్టు జిల్లాకొక్కడైనను లేని కాలమది. మెదడులోని మచ్చలను చిత్రించి చూపు ఎం.ఆర్.ఐ. యంత్రములు మనదేశమునకు 1980 ల ఉత్తరార్ధముననే వచ్చినవి. అవి జిల్లా పట్టణములకు ప్రాకుటకు మరి రెండు దశాబ్దములు పట్టినది. యంత్రములు పెరిగిన కొలది రోగులును పెరుగుట చూచి వ్యాధియే పెరుగుచున్నదని భయపడనక్కరలేదు.

ఇంతటి అస్పష్టతలో ఒక చిన్న జనసమూహము మాత్రము స్పష్టమైన లెక్కకు వీలిచ్చినది. పారశీక దేశమునుండి వలసవచ్చి, గుజరాతు తీరమునను పిమ్మట బొంబాయిలోను స్థిరపడి, శతాబ్దములుగ తమలోతామే వివాహములాడుచు వచ్చిన పార్సీలు సంఖ్యకు స్వల్పులు. 2011 జనగణనమున దేశమంతటను 57,264 మంది మాత్రమే. అక్షరాస్యులు, అధికభాగము ఒకే నగరమందు తమ కాలనీలలో నివసించువారు, తమవారికై తామే ఆసుపత్రులు నడుపుకొనువారు. కనుక రోగులలో తప్పిపోవువారు తక్కువ. 1980 లలో బొంబాయి పార్సీలను గణించిన భరూచా మున్నగువారు లక్షకు సుమారు 26 మంది రోగులను కనుగొనిరి. ఆ సమాజమున బాలురు తక్కువ, పెద్దలెక్కువ. ఇది పెద్దలలో కనబడు వ్యాధి. కావున వయోభేదమును సవరించినపుడు ఆ సంఖ్య కొంత తగ్గును. ఎంత తగ్గినను అదే గాలి పీల్చి, అదే నీరు త్రాగి, అదే ఎండలో తిరుగు ఇరుగుపొరుగువారికి ఆనాడు కట్టిన అంచనాతో పోల్చినచో అది ఎన్నో రెట్లు. వంశపారంపర్యమునకు ఈ వ్యాధిలో గల పాత్రను ఇంత సూటిగ చూపు ఉదాహరణము మనదేశమున మరియొకటి లేదు. అయితే పార్సీలకు అందిన వైద్యసౌకర్యము పొరుగువారికి అందలేదను మాట కూడ ఈ పోలికయందు మరువరాదు.

ఆ సందేహమును కొంతవరకు తీర్చినది మంగళూరు. అచ్చటి పట్టణ జనాభాను ఆధారముగ గొని లేఖా పండిట్, కుందాపూర్ అను వైద్యులు జరిపి 2014 లో ప్రచురించిన పరిశోధనమున మల్టిపుల్ స్క్లెరోసిస్ లక్షకు 8.35 మందిలో కనబడినది. అనగా పూర్వపు అంచనాకు ఆరురెట్లు. ఈ సంఖ్యచొప్పున కర్ట్‌స్కీ విభాగములలో దక్షిణ భారతము అల్పమండలమును దాటి మధ్యమ మండలములో అడుగిడినది. అయినను ఒక తీరపట్టణపు లెక్కను ఆంధ్ర, తెలంగాణములకో, గంగామైదానమునకో యథాతథముగ అంటగట్టుట సాహసము. సుమారుగ చెప్పవలసివచ్చినచో, ఈ దేశపు వ్యాప్తి ఉత్తర ఐరోపాతో పోల్చదగినది కాదు, కాని వెనుకటి పాఠ్యగ్రంథములు నమ్మించినంత స్వల్పమును కాదు.

ఒకే జాతి జనులు వేరు దేశమునకు పోయినపుడు ఏమగునను ప్రశ్న మరింత ఆసక్తికరమైనది. దక్షిణాఫ్రికాలో వలసదారులను పరిశీలించిన జాఫ్రీ డీన్, పెద్దవయసున వలసపోయినవారు తమ పుట్టినచోటి అపాయమునే వెంట తీసికొనిపోవుదురనియు, బాల్యముననే పోయినవారు కొత్తచోటి అపాయమునకు లోనగుదురనియు గ్రహించెను. ఆయనయు ఆయన సహచరులును 1990 లో ప్రకటించిన మరియొక పరిశీలనమున, ఇంగ్లండుకు వలసపోయిన భారతోపఖండవాసులలో ఈ వ్యాధి తక్కువగ నుండగా, అచ్చటనే పుట్టి పెరిగిన వారి సంతానమున అది ఆంగ్లేయుల స్థాయికి చేరువగ నున్నట్లు తేలినది. ఒక్క తరములోనే జన్యువులు మారవు; మారినది పరిసరము. అమెరికా, బ్రిటన్, కెనడాలలో పుట్టి పెరుగుచున్న తెలుగు పిల్లల తలిదండ్రులు 'ఇది మనవారికి రాని జబ్బు' అని ధీమాపడుటకు ఆధారము లేదు.

ఆ పరిసరములో ఏమున్నదో ఇంకను పూర్తిగ తేలలేదు గాని, ఎప్‌స్టైన్-బార్ వైరస్‌పై అనుమానము నేడు బలపడినది. కోటికి మించిన అమెరికా సైనికోద్యోగుల సమూహమును ఇరువదేండ్లపాటు పరిశీలించి 2022 లో ప్రకటించిన ఫలితములలో, ఆ వైరస్ సోకిన తరువాత మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చు అవకాశము 32 రెట్లు పెరుగునని తేలినది. మనదేశమున ఈ వైరస్ శైశవముననే, పెద్దగ లక్షణములు లేకయే, దాదాపు అందరికిని సోకిపోవును. సంపన్న దేశములలో అనేకులకు కౌమారమున సోకి గ్రంథులువాచు జ్వరమును తెచ్చును, అట్టి జ్వరము వచ్చినవారిలో ఈ వ్యాధి హెచ్చు. వైరస్ సోకు వయస్సే దేశముల నడుమ భేదమునకు ఒక కారణమై యుండవచ్చును. జన్యువులలో హెచ్.ఎల్.ఏ.-డి.ఆర్.బి.1*15:01 అనునది ఐరోపావాసులలో ప్రధానము; భారతీయ రోగులలోను దీని సంబంధము కనబడినది. సూర్యరశ్మి కొరత, విటమిన్ డి లేమి, పొగత్రాగుట, బాల్యమునందలి స్థూలకాయము కూడ అపాయకారకములలో లెక్కింపబడుచున్నవి. విటమిన్ డి సిద్ధాంతమునకు మనదేశము ఒక చిక్కుప్రశ్న: ఇంత ఎండలోను ఆ విటమిన్ లోపము ఇక్కడ విస్తారము, వ్యాధి మాత్రము విస్తారము కాదు.

వ్యాధి సాధారణముగ ఇరువది, నలువదేండ్ల వయస్సుల నడుమ పొడసూపును. స్త్రీలలో పురుషులకంటె రెండు మూడు రెట్లు హెచ్చు. భారతదేశపు తొలి ఆసుపత్రి లెక్కలలో ఈ వ్యత్యాసము అంతగ కనబడదు; కోడలి కాలి తిమ్మిరికి పట్టణమునకు బండి కట్టించు ఇండ్లు ఆనాడు కొద్ది యగుటయే అందుకు కారణమై యుండునని ఈ వ్యాసకర్త తలంపు. నూటికి ఎనుబదియైదుగురిలో వ్యాధి విడతలు విడతలుగ నడచును: లక్షణములు కొద్దిరోజులలో పైకివచ్చి, వారములపాటు నిలిచి, కొంతగనో పూర్తిగనో సడలును, నెలలకో ఏండ్లకో మరల వేరొకచోట వేరొక రూపమున తలయెత్తును. ఇట్లు నడచినవారిలో అనేకులకు కాలక్రమమున విరామములు తొలగి, బలహీనత ఎడతెగక పెరుగు దశ వచ్చును. మొదటినుండియు విరామమెరుగక పెరుగు రూపము పది పదిహేనుమందిలో మాత్రము కనబడును.

లక్షణములు మచ్చ ఎచ్చట ఏర్పడినదను దానిపై ఆధారపడును. దృష్టినాడికి తగిలినపుడు ఒక కంటిచూపు రెండు మూడు రోజులలో మసకబారును, కన్ను కదల్చినపుడు నొప్పి పుట్టును, ఎరుపురంగు వెలిసినట్లు తోచును. వెన్నుపాముకు తగిలినపుడు కాళ్లలో తిమ్మిరి, మొద్దుబారుట, నడుముచుట్టు పట్టీ బిగించినట్లు అనిపించుట, నడకలో కాళ్లు బిగుసుకొనుట, మూత్రము ఆపుకొనలేకపోవుట లేదా రాకపోవుట గలుగును; మెడ వంచినపుడు వెన్నువెంట కరెంటు జలదరించినట్లు పాకుటను లెర్మిట్ 1924 లో వర్ణించెను. మెదడు కాండమునకు తగిలినచో ఒక వస్తువు రెండుగ కనబడును, తల తిరుగును. చిన్నమెదడునకు తగిలినచో చేయి చాపి గ్లాసు అందుకొనునపుడు వణకును, మాట ముక్కలు ముక్కలుగ వచ్చును. వీనికంటె రోగిని ఎక్కువగ కృశింపజేయునది, ఇరుగుపొరుగువారి కంటికి కనబడనిది, అలసట. నిదుర తీరినను తీరనిది. జ్ఞాపకము, ఏకాగ్రత సన్నగిల్లుట, నిరాశ కూడ ఈ వ్యాధిలో భాగములే గాని రోగి మనోదౌర్బల్యములు కావు. స్త్రీలకు గర్భము చివరి మాసములలో విడతలు తగ్గి, కాన్పైన మూడు నెలలలో పెరుగునని తెలిసినది. పురిటింటివారు దీనిని ముందుగ ఎరిగియుండుట మేలు.

మన శీతోష్ణస్థితికి విశేషముగ సంబంధించిన లక్షణమొకటి కలదు. దేహోష్ణము కొద్దిగ పెరిగినను, పొర చెడిన తంతువులలో సంకేతము మరింత మందగించి, పాత లక్షణములు కొంతసేపు తిరిగి తోచును. జర్మను కంటివైద్యుడు ఉట్‌హాఫ్ దీనిని 1890 లో గమనించెను, ఎం.ఆర్.ఐ. లేని రోజులలో రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి వ్యాధిని నిర్ధారించు పద్ధతియు ఉండెడిది. రోహిణికార్తె ఎండలో బస్సుకై నిలిచినపుడును, వేడినీళ్లతో తలంటు పోసికొనినపుడును, జ్వరము వచ్చినపుడును కన్ను మసకలు గ్రమ్ముట, కాళ్లు తేలిపోవుట మన రోగులు తరచుగ చెప్పుకొను బాధ. ఇది కొత్త విడత కాదు. చల్లబడిన గంటలోగా పోవును. దీనిని కొత్త విడతగ భ్రమించి స్టెరాయిడ్ మందులెక్కించుట తగదు.

భారత, జపాను దేశముల వైద్యులు దీర్ఘకాలము ఒక సంగతిని నొక్కి చెప్పుచు వచ్చిరి: ఇక్కడి రోగులలో మెదడుకంటె దృష్టినాడులు, వెన్నుపాము ఎక్కువగ, తీవ్రముగ దెబ్బతినుచున్నవనియు, ఇది ఈ వ్యాధి యొక్క ఆసియా రూపమనియు. ఆ మాటలో గమనము సత్యము, వ్యాఖ్యానము మాత్రము నిలువలేదు. అమెరికాలోని మేయో క్లినిక్‌నందు వాండా లెనన్ బృందము 2004 లో కొందరు రోగుల రక్తమున ఒక ప్రత్యేక ప్రతిరక్షకమును కనుగొని, మరుసటి యేట అది నీటి రవాణాకు తోడ్పడు అక్వాపోరిన్-4 అను ప్రొటీను మీద దాడిచేయునని తేల్చెను. దీనితో, 1894 లో ఫ్రాన్సు దేశీయుడు దెవిక్ వర్ణించిన న్యూరోమైలైటిస్ ఆప్టికా మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒక శాఖ కాదు, వేరు వ్యాధి అని స్థిరపడినది. ఆసియా రూపమనబడిన దానిలో గణనీయమైన భాగము ఈ వేరు వ్యాధియే. రెండు కన్నులు ఒకేసారి లేక వెంటవెంట తీవ్రముగ పోవుట, వెన్నుపాములో మూడు వెన్నుపూసల పొడవుకు మించిన వాపు, రోజుల తరబడి ఆగని వెక్కిళ్లు, వాంతులు దీని ఆనవాళ్లు. పాశ్చాత్యులలో ఈ కోవ వ్యాధులందు దీని వంతు నూటికి ఒకటి రెండు మాత్రమే. మంగళూరులో మల్టిపుల్ స్క్లెరోసిస్ 8.35 ఉండగా ఇది లక్షకు 2.6. ఆ పిమ్మట మైలిన్ పొరమీది ఎం.ఓ.జి. అను ప్రొటీనుకు విరుద్ధమగు ప్రతిరక్షకములతో గూడిన మూడవ వ్యాధియు వేరుపడినది. ఈ విభజనము పండితుల వినోదము కాదు: మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఇచ్చు ఇంటర్ఫెరాన్ బీటా, ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ అను మందులు న్యూరోమైలైటిస్ ఆప్టికాను మరింత ముదురజేయగలవు.

మనదేశమున ఈ వ్యాధిని పోలియుండు ఇతర రోగములును పెక్కు. క్షయ వెన్నుపామును, మెదడును పట్టుట, శాకాహారులలో తరచగు బి-12 విటమిన్ లోపము వెన్నుపామును చెరచుట, సిఫిలిస్, హెచ్.ఐ.వి. మున్నగునవి ముందుగ త్రోసివేయదగినవి. వెనుకటి తరమున మరియొకటి ఉండెడిది. కుక్కకాటుకు బొడ్డుచుట్టు పొడిచెడి సూదిమందును కొందరు పాఠకులు మరువకుందురు. డేవిడ్ సెంపుల్ 1911 లో కసౌలీలో రూపొందించిన ఆ టీకాను గొర్రెమెదడునుండి తయారు చేసెడివారు. దానిలోని మైలిన్ కారణముగ కొందరి రోగనిరోధక శక్తి తమ మైలిన్ మీదికే తిరిగి, మెదడు వెన్నుపాములు వాచి, పక్షవాతమో మరణమో సంభవించెడిది. 1933 లో రివర్స్ అను శాస్త్రజ్ఞుడు కోతులకు మెదడు కణజాలమును పదేపదే ఎక్కించి ఇట్టి వ్యాధినే పుట్టించెను. నేటి మందులలో అనేకములు తొలుత పరీక్షింపబడినవి ఆ ప్రయోగమునుండి పెరిగిన జంతువ్యాధి మీదనే. భారతదేశమున సెంపుల్ టీకా తయారీ 2004 వరకు సాగినది. కేవలము ధరకై అంతకాలము దానిని సాగనిచ్చుట క్షమింపరానిది.

నిర్ధారణకు చిరకాలము కోరబడినది, మచ్చలు వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలములలో ఏర్పడినవని నిరూపించుట. 2001 లో మెక్డొనాల్డ్ పేర వెలువడి పిమ్మట పలుమార్లు సవరింపబడిన సూత్రములు ఇందుకు ఎం.ఆర్.ఐ.ని ప్రధానసాధనముగ చేసినవి. వెన్నునుండి తీసిన నీటిలో కనబడు ప్రత్యేక ప్రొటీను చారలు పాశ్చాత్య రోగులలో నూటికి తొంబదిమందికి మించి కనబడును. భారతీయ శ్రేణులలో అంతకంటె తక్కువమందిలో కనబడినవి. అవి లేవను కారణముచేత మాత్రము ఇక్కడ వ్యాధిని కాదనరాదు.

విడత తీవ్రమైనపుడు మిథైల్ ప్రెడ్నిసొలోన్ దినమునకొక గ్రాము చొప్పున మూడు మొదలు అయిదు రోజులు నరమునకు ఎక్కింతురు. అది త్వరగ కోలుకొనుటకే గాని భావిగతిని మార్చదు. గతిని మార్చు మందులు 1993 లో అమెరికాలో ఆమోదము పొందిన ఇంటర్ఫెరాన్ బీటా-1బి తో మొదలైనవి. ఇవి ఖరీదైనవి, ఏండ్లతరబడి వాడవలసినవి. ఇందు హైదరాబాదునకు చెప్పుకోదగిన పాత్ర కలదు: అచ్చటి డాక్టర్ రెడ్డీస్ 2007 లో రిటుక్సిమాబ్‌కు సమానమైన మందును తక్కువ ధరకు విడుదలచేసినది; నాట్కో తయారుచేసిన గ్లాటిరామర్ 2017 లో మైలాన్ సంస్థ ద్వారా అమెరికాలో ఆమోదము పొందినది. రిటుక్సిమాబ్ తొలుత లింఫోమాకు ఉద్దేశింపబడినదైనను, ఈ వ్యాధిలోను న్యూరోమైలైటిస్‌లోను మనదేశమున విరివిగ వాడబడుచున్నది. 2023 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని, గ్లాటిరామర్‌ను, క్లాడ్రిబిన్‌ను ఈ వ్యాధికి అత్యావశ్యక ఔషధములలో చేర్చినది. ఇట్టి మందులలో కొన్ని రోగనిరోధక శక్తిని అణచునవి గనుక, అట్టివాని వాడకమున నిద్రాణమైన క్షయ, హెపటైటిస్ బి మేల్కొనకుండ ముందుగ పరీక్షించుట మన దేశమున తప్పనిసరి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరుపెట్టి గుర్తించినది. అయితే ముఖ్యమైన సదుపాయములకు నలువది శాతము వైకల్యము ధ్రువపడవలెను. విడతలో మంచము పట్టి, విరామములో నడచుచు ధ్రువపత్రముల బల్ల ముందు నిలుచు రోగిని ఈ కొలత సరిగ కొలువదు. అలసటకును, మసకచూపునకును ఆ లెక్కలో చోటు స్వల్పము. ఈ నిబంధన సవరింపదగినది.

చదువరులకు ఒక విన్నపము. యౌవనములోనున్నవారికి ఒక కంటిచూపు హఠాత్తుగ తగ్గి తనంతతానే కుదుటపడినను, కాళ్ల తిమ్మిరి వారములు నిలిచి పోయినను, బాగైనదిగదా యని మరువక న్యూరాలజిస్టునకు చూపుడు; ఆనాటి ఎం.ఆర్.ఐ. చిత్రములను, చీటీలను భద్రపరచుడు. కన్ను, వెన్నుపాము రెండును తీవ్రముగ దెబ్బతినినచో దీర్ఘకాలపు మందు మొదలిడుటకు ముందు అక్వాపోరిన్-4 ప్రతిరక్షక పరీక్ష జరిగినదా యని వైద్యుని అడుగుడు.